గుప్పెడు కొసరు

“వాడికి చెప్పు, మోటారు ఆపమని.”

పరుపుల కొట్టు నన్నే సాహెబ్ ఈ మాట అన్నది పెళ్ళాం అమీర్‌బీతో. వాడంటే కొడుకు ఖలీల్. ఆ ఖలీల్ ఏ బొంబాయిలోనో ఉంటే సరే అనుకోవచ్చు. తండ్రి పక్కనే, మోచెయ్యి జరిపితే తగిలేంత దగ్గర్లో, అదే బల్ల మీద కూర్చుని అదే బాండీలోంచి దింపిన ఉప్మా తింటున్నాడు.

“ఆపి చాలాసేపయిందని చెప్పమ్మా నాన్నకి.”

“ఆపితే మరి ఆ గుర్రుగుర్రు ఏందో అడుగు వాణ్ణి.”

“పక్కింటోళ్ళ మిక్సీ అని చెప్పు.”

“పొద్దున్నే మిక్సీ ఏందని అడుగు.”

“పక్కింటోళ్ళనే అడగమని చెప్పు.”

అమీర్‌బీ చేతిలో గరిట పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడింది. మంగళవారం నుంచీ ఇదే వరస. ఒకడి మాట ఇంకొకడికి మోసీ మోసీ, తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ ఆ ఇల్లాలి మెడ పట్టేసింది. మెడకి బామ్ రాసుకుంటే ఆ ఘాటుకి మొగుడు నాలుగు తుమ్ములు తుమ్మి, “ఇది కూడా నీ కొడుకు పుణ్యమే” అన్నాడు.

“ఇద్దరూ నోళ్ళున్నోళ్ళేగా! దేవుడిచ్చిన నోరు ఉప్మాకేనా?” అందామె.

ఇద్దరూ జవాబు చెప్పలేదు. ఇద్దరి నోట్లోనూ ఉప్మా ఉంది మరి.

అసలు తగువంతా రేటు బోర్డు దగ్గర పుట్టింది. బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డు మీద ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్లో పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కొత్తవాటిలా కుట్టిస్తారు. తాతల కాలంలో చేత్తో ఏకేవాళ్ళు, ఇప్పుడు మిషను. పరుపు ఏకి కుట్టినందుకు నాలుగొందలు. ఆ నాలుగొందలు ఎప్పుడు పెట్టాడో నన్నే సాహెబ్‌కే గుర్తులేదు. అప్పట్లో వీధిలో ఇన్ని కోచింగ్ సెంటర్లు లేవు, ఇన్ని హాస్టళ్ళు లేవు, టీ గ్లాసు ఇప్పటికన్నా కాస్త పెద్దదిగా ఉండేది.

మంగళవారం పొద్దున ఖలీల్ ఎవరికీ చెప్పకుండా, ‘పరుపు ఒక్కింటికి రూ. 600’ అని ఎర్రక్షరాల బోర్డు రాయించి కొట్టు ముందు వేలాడదీశాడు. మధ్యాహ్నానికి నన్నే సాహెబ్ దాన్ని పీకేసి నీళ్ళడ్రమ్ము మీద మూతగా పెట్టాడు. సాయంత్రానికి ఖలీల్ మార్టూరుకి ఫోన్ కొట్టాడు. అక్కడ రాళ్ళు పాలిష్ పట్టే ఒక యూనిట్లో వాడి స్నేహితుడు అబ్దుల్లా పనిచేస్తాడు. సూపర్‌వైజర్ పని ఖాళీగా ఉందట, వచ్చెయ్యమన్నాడట.

ఇదిగో, ఇవాళ శనివారం. గుమ్మం పక్కన బ్యాగు సర్ది ఉంది. మధ్యాహ్నం బస్సు.

ఆ బ్యాగు కళ్ళబడినప్పుడల్లా అమీర్‌బీ దాన్ని కాలితో గోడవైపుకి నెడుతోంది. ఒక్కడే కొడుకు. మార్టూరు చంద్రమండలమేమీ కాదు, పొద్దున ఎక్కితే ఎండెక్కకముందే దిగొచ్చు. కానీ కోపంతో పోయేవాడికి పక్కవీధి కూడా పరాయి దేశమే. వాడి వెనకే కోడలూ పోద్ది. ఆ తర్వాత రెండు పొయ్యిలు, రెండు గ్యాసుబండలు, పండగలకి చుట్టాల్లాగా వచ్చి పోవడాలు.

ఆమె భయం అదొక్కటే అయితే ఇంత కథ లేదు.

కోడలు ఫర్హానా జడ అల్లుకుంటూ వచ్చింది. ఆ పిల్ల రెండు సందుల అవతల కోచింగ్ సెంటర్లో గ్రూప్ పరీక్షలు రాసేవాళ్ళకి ఎకనామిక్స్ చెప్పుద్ది. మంచి పిల్ల. ఒకటే జబ్బు. చారులో ఉప్పు తక్కువైనా డిమాండు, సప్లయి అంటది.

“మావయ్యా, ఒక్క మాట చెప్పనా?”

“నువ్వు చెప్పొచ్చమ్మా. ఈ ఇంట్లో నాతో తిన్నగా మాట్లాడేది నువ్వొక్కదానివే.”

“ధరలు పెరగడమంటే ఒంటి వేడి లాంటిది మావయ్యా. మనిషన్నాక కాస్త వేడి ఉండాలి. పనిచేసే ఒళ్ళు, ఎదిగే ఒళ్ళు ఇంకాస్త వెచ్చగానే ఉంటది. మనలాంటి దేశాలు ఇప్పుడిప్పుడేగా ఎదుగుతున్నది. వేడి మరీ ఎక్కువైతే జ్వరం, మంచాన పడేస్తది. కానీ అసలు వేడే లేకపోతే...”

“లేకపోతే?”

“లేకపోతే మనిషి లేనట్టే.”

“అంటే నా కొట్టు శవం అంటావ్.”

“అయ్యో, నేనలా అన్లేదు మావయ్యా!”

“అదే అంటోంది, చల్లగా పడుకోబెట్టారు దాన్ని...” ఖలీల్ నోరుజారి తండ్రి మొహంలోకే చూసి అనబోయాడు. నాలిక కరుచుకుని తల్లి వైపు తిరిగాడు. “చెప్పమ్మా ఆయనకి. అద్దె పెరిగింది. కరెంటు పెరిగింది. పైన వేసే చారలగుడ్డ పెరిగింది, దారం పెరిగింది, మిషను బాగుచేసేవాడి చెయ్యి పెరిగింది. ఊరు ఎదిగింది, ఊరితోపాటు రేట్లూ ఎదిగినయ్. ఎదగంది మనం ఒక్కళ్ళమే. ఇది నీతా, మొండితనమా అడుగు.”

“వాడికి చెప్పు,” నన్నే సాహెబ్ పళ్ళెం కింద పెట్టాడు. “చుట్టుపక్కల పల్లెలన్నీ ఈ కొట్టుకి వచ్చేది సాహెబ్ మాట ఒక్కటే అని. నా రేటు నాలుగొందలు. నా కొసరు గుప్పెడు. మా నాన్న నాడు ఎట్లా ఉందో నేడూ అట్లాగే ఉంటది.”

కొసరు అన్న మాట చెవినబడగానే అమీర్‌బీ చేతిలో గరిట బాండీకి తగిలి ఠంగుమంది.

ఆ కొసరు సంగతి చెప్పుకోవాలి. ఎవరి పాత దూది వాళ్ళకే ఏకి ఇవ్వడం అన్ని కొట్లలోనూ ఉన్నదే. ఈ ఇంటి పద్ధతి ఇంకోటుంది. వచ్చినవాళ్ళ కళ్ళముందే నన్నే సాహెబ్ గుప్పెడు కొత్తదూది, మల్లెపువ్వులా తెల్లటిది, తను కొన్న దూదిబేలులోంచి తీసి, “ఇది నా చెయ్యి” అని వాళ్ళ దూది మధ్యలో పెడతాడు. దానికి డబ్బు లేదు. ఆయన గుప్పెడంటే మామూలుది కాదు, ఆ చెయ్యి చేటంత ఉంటది. సగం మంది ఆ గుప్పెడు చూడ్డానికే వస్తారు.

పెట్టేది ఆయన. కుట్టేది అమీర్‌బీ.

ఆమధ్య పత్తి రేటు ఒక్కసారిగా ఎగిరి, కొట్టు రాబడి ఇంటికి చాలకుండా పోయినప్పుడు, వెనక వరండాలో కుట్టడానికి కూర్చున్న అమీర్‌బీ చెయ్యి దానంతటదే పరుపు మధ్యలోకి పోయింది. ఆ తెల్లటి గుప్పెడు బయటికొచ్చింది. పరుపు నోరు కుట్టేసింది. ఎవరికీ తెలీలా. మర్నాడు ఇంకో పరుపు, ఇంకో గుప్పెడు.

ఆ గుప్పెళ్ళన్నీ దిండ్లయినయ్. దిండ్లని ఫర్హానా హాస్టలు ఆడపిల్లలకి అమ్మిపెట్టింది. దాంతో పాలవాడు మాట్లాడకుండా ఉన్నాడు, గ్యాసుబండ టైముకి వచ్చింది. నన్నే సాహెబ్ మాత్రం గడ్డం నిమురుకుంటూ, “చూశారా, రేటు పెంచకుండానే ఇల్లు నడిపిస్తున్నా” అనేవాడు. అత్తాకోడళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఆయనకి ఇంకో గరిటెడు కూర వేసేవాళ్ళు.

ఇప్పుడు ఆలోచించండి. కొడుకు బ్యాగు సర్దుకున్నది తండ్రి మొండితనం భరించలేక. ఆ మొండితనం హాయిగా పడుకోవడానికి దాని తలకింద దిండు పెట్టింది ఎవరు?

నోరు విప్పితే మొగుడి మాట పోద్ది. విప్పకపోతే కొడుకు పోతాడు. ఇదీ అమీర్‌బీ పరిస్థితి.

పళ్ళేలు తీసుకుని ఆమె వంటింట్లోకి వస్తే వెనకే ఫర్హానా వచ్చింది.

“చెప్పేద్దాం అత్తమ్మా.”

“ఏమని చెప్తావే? నీ మాట నమ్మి వచ్చే ఊరంతటి ముందూ నీ పెళ్ళాం నిన్ను అబద్ధాలకోరుని చేసిందని చెప్తావా?”

“ఇల్లు గడవడానికే కదా మీరు తీసింది.”

“దొంగలందరూ ఇల్లు గడవడానికే తీస్తారు.”

“మీరు దొంగేంటి అత్తమ్మా! మన బేలులో దూదే కదా. దీన్ని ఎకనామిక్స్‌లో ఏమంటారంటే, రేటు అలాగే ఉంచి సరుకు తగ్గించడం. బిస్కెట్ ప్యాకెట్ల కంపెనీలన్నీ చేస్తున్న పనే.”

“బిస్కెట్లోళ్ళు నా మొగుడి పక్కన కూర్చుని అన్నం తినరుగా!”

ఫర్హానా పాఠం ఆపి పళ్ళేలు అందుకుంది.

అమీర్‌బీ చేతులు తుడుచుకుని గుమ్మం దగ్గరకొచ్చింది. ఖలీల్ బ్యాగు జిప్పు లాగుతున్నాడు. అది ఎక్కడో పట్టేసి రావట్లేదు. దాని మీద చూపిస్తున్నాడు కోపం.

“నాలుగు రోజులు ఆగరా. మీ నాన్నే దిగొస్తాడు.”

“ఎక్కడికి దిగొస్తాడమ్మా? ఉన్నదే నాలుగొందల మీద. దానికన్నా కిందకి దిగితే మూడొందలు.”

“వేళాకోళం వద్దు. నీకేం తక్కువైంది ఇక్కడ?”

ఖలీల్ జిప్పు వదిలేశాడు. “తక్కువైంది నాక్కాదమ్మా. ఫర్హానా జీతం ఇంట్లోకి పోతోంది. నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా దూది దుమ్ము మింగి, నెల చివర నా పెళ్ళాన్ని పెట్రోలుకి అడుగుతున్నా. మిషను నడుస్తోంది, గిరాకీ ఉంది, చేతిలో మటుకు ఏం లేదు. ఎక్కడికి పోతోందమ్మా అదంతా? నాకు అర్థమవట్లేదు.”

ఆమె నోటిదాకా వచ్చింది. ‘ఒరేయ్, నాలుగొందల్లో మిగిలేదే లేదురా, కొసరు తీసి ఇల్లు నడుపుతోంది నేనే’ అని అనబోయింది.

అదే టైముకి వీధిలో హారను మోగింది. హారను మీద ఇంకో గొంతు మోగింది.

“అన్నయ్యా! ఓ సాహెబన్నయ్యా! ఆరుగుర్ని తెచ్చా, లోపలికి మోయించు!”

ట్రాలీ ఆటోలో ఆరు పాత పరుపులు, వాటి మీద మహారాణిలాగా పిచ్చమ్మ. పెదనందిపాడు వైపు పల్లెటూరి మనిషి. మొగుడు వెంకటనారాయణతో కలిసి మిరప, పత్తి పండిస్తది. ఆ గొంతు ఎట్లాంటిదంటే, ఈవిడ తన చేలో నిలబడి “నీళ్ళు” అంటే పక్కూళ్ళో బోరు ఆన్ చేస్తారు. ఏళ్ళ తరబడి ఈ కొట్టుకే వస్తది. నన్నే సాహెబ్‌ని అన్నయ్యా అంటది, అమీర్‌బీని వదినా అంటది.

ఆ గొంతు వినగానే అమీర్‌బీ లోపలికి పోయి మంచం కింద గోనెసంచిని ఇంకాస్త వెనక్కి తోసింది. పోయినేడు ఈవిడ పరుపులు కుట్టింది తనే. వాటిల్లోంచి కొసరు తీసిందీ తనే.

తండ్రీ కొడుకులు పరుపుకి చెరో కొసా పట్టుకున్నారు. గుమ్మం దగ్గర ఇరుక్కుపోయారు.

“చెల్లెమ్మా, వాడికి చెప్పు, ఎడమకి తిరగమని.”

“ఏం అన్నయ్యా, వీడికి చెవుడొచ్చిందా?”

“నాక్కాదత్తా. నాన్నకే నోరు పడిపోయింది. నా వైపు మటుకే.”

పిచ్చమ్మ ఆయన్నీ చూసింది, వీణ్ణీ చూసింది, గుమ్మం పక్కన బ్యాగునీ చూసింది. ఊరి మనిషి కదా, అర్థమైపోయింది. తెలియనట్టు లోపలికొచ్చి ఫ్యాను కింద కూలబడింది.

“ఇన్ని పరుపులేంది వదినా?” అమీర్‌బీ నీళ్ళగ్లాసు అందించింది. “చుట్టాలొస్తున్నారా?”

“చుట్టాలా! మిరపకాయ కోతకి కూలోళ్ళు. కర్నూలు వైపు నుంచి దిగారు. పోయినేడు గోనెపట్టాల మీద పడుకున్నోళ్ళే. ఈయేడు వాళ్ళ మేస్త్రీ వచ్చి ఏమన్నాడనుకున్నావ్? కూలి పెంచాల, రెండుపూటలా టీ పొయ్యాల, పడుకోను పరుపులియ్యాల. పక్కూరోళ్ళు ఇస్తామన్నారు, మీరు ఇయ్యకపోతే అటు పోతాం అన్నాడు. నా పెళ్ళైన కొత్తలో నాకే పరుపు లేదు వదినా! ఏం చేస్తాం, అటక మీదున్నయ్యన్నీ దింపుకొచ్చా.”

“మంచిదే కదా పిన్నీ!” ఫర్హానా కళ్ళు మెరిసినయ్. “వాళ్ళ కూలి పెరిగింది కాబట్టి పరుపు అడిగారు. పరుపు అడిగారు కాబట్టి మీరు మా కొట్టుకి వచ్చారు. ఒకరికి ఖర్చయింది ఇంకొకరికి రాబడి. ఎదుగుదల అంటే...”

“అంతా బాగానే ఉందమ్మాయ్. కూలి పెరిగింది, పురుగుమందు పెరిగింది, ఎరువు పెరిగింది, డీజిలు పెరిగింది. అందరూ పెరిగితే సంతోషమే. మా మిరపకాయ ఒక్కటే మంచం దిగనంటంది. పోయినేడు మిర్చి యార్డులో దాని రేటు చూసొచ్చి మీ బాబాయ్ వారం రోజులు కారం ముట్టలా. పెరుగన్నం తిన్నాడు.”

ఖలీల్ కూడా నవ్వాడు. నవ్వి, “చూశావా అమ్మా,” అన్నాడు. “ఆ మిరపకాయకి తోడు మన కొట్టు. అదీ మంచం దిగట్లేదు.”

“అదేంది, మీ రేటు ఇంకా నాలుగొందలేనా?” అంది పిచ్చమ్మ.

“నాలుగొందలే చెల్లెమ్మా.” నన్నే సాహెబ్ ఛాతీ విరిచాడు. “ఎప్పటికీ నాలుగొందలే.”

“అందుకేనా అన్నయ్యా, కొసరు మానేశావ్?”

ఖాళీ గ్లాసు అందుకుని వంటింటి వైపు తిరగబోయిన అమీర్‌బీ ఆగింది.

“అడుగుదామనే వచ్చా,” పిచ్చమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. “మా మనవరాలు పోయినేడు కుట్టించిన పరుపు మీద ఎగిరి ఎగిరి నడిమి కుట్టు ఊడగొట్టింది. చూస్తే లోపల అంతా మా పాత పచ్చదూదే. తెల్లపోగు ఒక్కటి లేదు. మీ బావగారు, ‘సాహెబ్ అట్లాంటోడు కాదు, నీ కళ్ళు పోయినయ్’ అన్నాడు. సరే అని ఇంకో పరుపు విప్పా. దాంట్లోనూ లేదు. నా కళ్ళముందే పెట్టావ్ అన్నయ్యా, ఇది నా చెయ్యి అని. పెట్టిన చెయ్యి నేనటు పోగానే వెనక్కి తీసుకుందా?”

నన్నే సాహెబ్ విరిచిన ఛాతీ మెల్లగా కిందకి దిగింది.

“అత్తా!” ఖలీల్ చటుక్కున లేచాడు. “మా నాన్న అట్లాంటి పని చెయ్యడు.”

“నేను చూసింది చెప్పా అబ్బాయ్...”

“నువ్వేం చూశావో నాకు తెలీదు. నాకూ నాన్నకీ మాటల్లేవు, అది వేరే సంగతి. ఆయన మొండి అను, చాదస్తం అను, నేనూ అంటా. దూది దొంగ అంటే మటుకు ఊరుకోను!”

నన్నే సాహెబ్ కొడుకు మొహం వైపు చూసి, అక్కణ్ణించి చూపు తిప్పేసుకున్నాడు.

అమీర్‌బీ ఇంక నిలబడలేకపోయింది.

“నేనే.”

ఎవరికీ వినపడలా. మళ్ళీ అంది.

“నేనే తీశా. ఆయన పెట్టాడు వదినా, ప్రతి పరుపులోనూ పెట్టాడు. కుట్టేటప్పుడు నేను తీసేశా. నీ ఒక్కదాంట్లోంచే కాదు. అందరి వాటిల్లోంచీ.”

ఆమె మంచం కింద నుంచి ఒక గోనెసంచి లాగింది. నోరు విప్పి తిరగేసింది. చిన్న చిన్న దిండ్లు, నిండుగా ఉబ్బినవి, నేలమీద దొర్లినయ్.

“దూది రేటు పెరిగింది. ఈయన రేటు పెంచనంటాడు. ఇల్లు ఆగదు కదా. ఇట్లా దిండ్లు చేసి అమ్మిస్తున్నా. ఈయనకి తెలీదు. ఈయన్నేమీ అనొద్దు.”

“అమ్మిపెట్టింది నేనే,” అంది ఫర్హానా నెమ్మదిగా, అత్త పక్కకొచ్చి నిలబడి.

పిచ్చమ్మ తన కాలిదాకా దొర్లొచ్చిన దిండుని పక్కకి జరిపింది.

నన్నే సాహెబ్ వంగి ఒక దిండు తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలితో నొక్కి చూశాడు.

“కుట్టు బాగుంది,” అన్నాడు.

“తిట్టండి. తిడితే తేలికైద్ది నాకు.”

“ఎందుకు తిట్టడం? తెలుసుగా.”

“తెలుసా!”

“ఎదురుగా హాస్టలు డాబా మీద పిల్లలందరూ దిండ్లు ఎండేస్తుంటారు. సగం దిండ్లకి మన పరుపు చారలే. అవి ఆకాశం నుంచి ఊడిపడ్డయ్యనుకున్నానా?”

అమీర్‌బీ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. “తెలిసీ ఎందుకు అడగలా?”

“అడిగితే నువ్వు మానేస్తావ్. నువ్వు మానేస్తే ఇల్లు గడవదు. గడవాలంటే నేను రేటు పెంచాలి. మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన మాట నా చేతిలో పోతదని భయం. అందుకని తెలియనట్టు కూర్చున్నా. మాట నా దగ్గర, పాపం నీ దగ్గర. బాగుంది కదా నాకు?”

“మరి మావయ్యా, ఈయన బోర్డు పెడితే ఎందుకు పీకేశారు?” ఫర్హానా అడిగింది. “రేటు పెరిగితే గొడవే తీరిపోయేదిగా.”

నన్నే సాహెబ్ దిండు ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు దాన్ని సర్దాడు.

“నాలుగొందలకైతే అబద్ధం ఆడగలిగానమ్మా. చవగ్గా చేస్తున్నాంలే, గుప్పెడు లేకపోతే ఏమైందిలే అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆరొందలు చేతిలో పెట్టించుకుని, వాళ్ళ కళ్ళల్లోకి చూసి, ఇది నా చెయ్యి అని ఎట్లా అనేది? మీ అత్తని మానమందామంటే నాకు తెలుసని బయటపడాలి. ఆరొందలకి ఆడలేను.”

ఖలీల్ వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కేసుకుంటున్నాడు.

“ఆగండాగండి. అమ్మకి తెలుసు. ఫర్హానాకి తెలుసు. నీకూ తెలుసు. అత్త పల్లెటూళ్ళో కూర్చుని కనిపెట్టింది. అంటే ఇదంతా తెలియని వెర్రిబాగులోణ్ణి నేనొక్కణ్ణేనా?”

“అవున్రా,” అన్నాడు నన్నే సాహెబ్. “నువ్వొక్కడివే.”

అన్నాక ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మాట తిన్నగా పోయి తిన్నగా తగిలింది. మధ్యలో అమీర్‌బీ లేదు, అమ్మకి చెప్పు లేదు, వాడికి చెప్పు లేదు.

ముందు పిచ్చమ్మ నవ్వింది. ఆవిడ నవ్వితే వీధిలో ఆటోవాడు కూడా తొంగిచూశాడు. తర్వాత ఫర్హానా. తర్వాత ఖలీల్ వద్దువద్దనుకుంటూనే. నన్నే సాహెబ్ నవ్వు ఆపుకోబోయి దగ్గు తెచ్చుకున్నాడు. అమీర్‌బీకి మాత్రం కళ్ళవెంట నీళ్ళొచ్చినయ్. ఇన్నాళ్ళూ గుండెల మీద మోసిన దూది ఎంత బరువో ఆమెకి దిగాక తెలిసింది.

“ఒరేయ్,” నన్నే సాహెబ్ కొడుకు భుజం మీద చెయ్యేశాడు. “రాళ్ళ మధ్య పడుకునే నడుమా నీది? పుట్టిందగ్గర్నుంచి దూదిలో దొర్లినోడివి. వారం తిరక్కముందే ఆ అబ్దుల్లా నిన్ను పార్సిల్ కట్టి పంపిస్తాడు.”

“అక్కడా పరుపులుంటయ్ నాన్నా.”

“ఉంటయ్ సరే. ఎవడేకుతాడు?”

ఖలీల్ ఫోన్ తీశాడు. “అబ్దుల్లా, రావట్లేదురా... కాదురా, బస్సు తప్పిపోలా... ఏం లేదు, మా నాన్నకి నోరొచ్చింది. తర్వాత చెప్తా.”

“ఇప్పుడు చెప్పు. బోర్డు మీద ఎంత రాశావ్?”

“ఆరొందలు.”

“ఏడొందలు పెడదాం.”

“ఏడొందలా! నాన్నా, ఫోం పరుపులోడి కొట్టు నింపుతావా ఏంది?”

“పెంచమని బ్యాగు సర్దింది నువ్వేగా?”

“నడవమన్నా గానీ పరిగెత్తమన్లా!”

“అదే మావయ్యా నేను చెప్పింది, మరీ వేడెక్కితే...”

“నువ్వాగమ్మా, మళ్ళీ జ్వరం దగ్గరకి పోమాక.” నన్నే సాహెబ్ చెయ్యెత్తాడు. “సరే, ఆరొందలే. కొసరు ఉంటది. కానీ ఇవాళ్టి నుంచి పెట్టేది నేను కాదు. మీ అమ్మ పెడతది, వచ్చినోళ్ళ ఎదురుగానే. కుట్టేదీ ఆవిడే. తన చేత్తో పెట్టింది తనే తియ్యాలంటే కాస్త మొహమాటమన్నా ఉంటది.”

“నా చెయ్యి చిన్నది,” అంది అమీర్‌బీ ముక్కు తుడుచుకుంటూ.

“రెండుసార్లు పెట్టు.”

పిచ్చమ్మ తెచ్చిన పరుపుల్లో ఒకటి విప్పి నేల మీద పరిచారు. ఏళ్ళ నాటి దూది, పసుపెక్కి గడ్డకట్టి ఉంది. అమీర్‌బీ బేలు దగ్గరకి పోయి గుప్పెడు తీసింది. తెచ్చి మధ్యలో పెట్టింది. మళ్ళీ పోయి ఇంకో గుప్పెడు తీసింది. ఇది నా చెయ్యి అనాలని ఆమెకి తెలుసు. ఆ మాటకి బదులు అరచెయ్యి దూది మీద అట్లాగే కాసేపు ఆనించి ఉంచింది.

“అదీ పద్ధతి!” పిచ్చమ్మ తొడ మీద చరిచింది. “చాటుగా తగ్గించేకంటే, చెప్పి పెంచి నిండుగా ఇయ్యటం నయం. కూలి పెరిగినప్పుడు రేటు పెరగాల్సిందే అన్నయ్యా. పెరగకపోతే మీరెట్లా బతుకుతారు, మీ పిల్లలెట్లా బతుకుతారు? ఎవరన్నా గొణిగితే నా దగ్గరకి పంపు. మా ఊరంతటికీ నేను చెప్తా.”

“చల్లగా ఉండు చెల్లెమ్మా.”

“అయితే అత్తా,” ఖలీల్ ఉత్సాహంగా చేతులు దులుపుకున్నాడు, “ఆరు పరుపులు. ఆరొందల చొప్పున.”

“ఎవరికి?”

“నీకే అత్తా.”

“నాక్కూడానా!”

లేవబోయిన పిచ్చమ్మ మిగిలిన ఐదు పరుపుల దొంతర మీద చతికిలబడింది. కొంగు నడుముకి దోపింది.

“పెంచమన్నది ఊళ్ళోవాళ్ళకయ్యా! నేను మీ ఇంటి ఆడపడుచుని. మిరపకాయ మంచంలో ఉందని ఇంతసేపూ ఎవరితో మొత్తుకున్నా? నాలుగొందలు. కాదంటే నేనిక్కణ్ణించి లేవను, ఆ కూలోళ్ళు వచ్చి నన్నే మోసుకుపోవాల.”

నన్నే సాహెబ్ కొడుకు వైపు చూశాడు. కొడుకు పెళ్ళాం వైపు చూశాడు. ఫర్హానా క్లాసుకి టైమైందంటూ చెప్పులు వెతుక్కోసాగింది.

“నువ్వు చెప్పు నాన్నా. నీ చెల్లెలు.”

“నీ అత్త కాదూ? నువ్వే చెప్పరా.”

“ఇంటికి పెద్దోడివి నువ్వు.”

“రేటు పెట్టిన మొనగాడివి నువ్వు.”

అమీర్‌బీ నవ్వు బయటపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. టీకి నీళ్ళు పెట్టింది. కాసేపు ఆలోచించి, ఇంకో చెంబుడు పోసింది. ఈ బేరం ఇప్పట్లో తెగేట్టు లేదు.